జేబులో రోజూ ఉండే చిన్న రీచార్జబుల్ టార్చ్: ఎలా ఎంచుకోవాలి, ఎలా పరీక్షించాలి

"ఏ టార్చ్ కొనమంటారు?" అని అడిగేవాళ్లు ఆ వెంటనే అడిగేది "ఎన్ని ల్యూమెన్లు ఉండాలి?" అని. ల్యూమెన్ అంటే టార్చ్ ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత. అడగాల్సిన ప్రశ్నే, కానీ దాని వంతు నాలుగోది. ముందు అవసరం, తర్వాత జేబు, తర్వాత సెల్లు, ఆ తర్వాతే వెలుగు. ఈ వరస తిరగబడితే డబ్బా మీద పెద్ద అంకె చూసి కొన్న టార్చ్ బరువెక్కువై నెల తిరక్కుండానే సొరుగులోకి చేరుతుంది, చీకట్లో చేతిలో మళ్లీ ఫోనే ఉంటుంది.

అందుకే కొనే క్రమంలోనే రాస్తున్నాను. వరసగా చదవండి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది.

## 1. ముందు వారం రోజులు గమనించండి

ఫోన్ లైటు వేసిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాసుకోండి: ఏం చూడ్డానికి వేశారు, అది ఎంత దూరంలో ఉంది, ఎంతసేపు వేశారు, రెండో చెయ్యి ఖాళీగా ఉందా లేదా. వారం గడిచాక ఆ కాగితం చూస్తే మీ అవసరమేంటో మీకే తెలిసిపోతుంది.

ఎక్కువగా కనిపించేవి దగ్గరి పనులే. తాళం కన్నం, మంచం కిందికి దొర్లిన వస్తువు, బల్ల వెనక చిక్కుపడ్డ వైర్లు, బ్యాగు అడుగు. అప్పుడప్పుడూ చీకటి దారి. మరీ అరుదుగా, దూరంగా ఏదో కదిలితే అదేంటో చూడాల్సి రావడం.

ఏ పనికి ఎంత వెలుగు కావాలో సుమారుగా చెప్తాను:

- అందరూ నిద్రపోతున్న గదిలో, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక నడవడానికి: 1 ల్యూమెన్ లోపే చాలు
- చేతి దూరంలో చదవడానికి, తాళం తీయడానికి: 5 నుంచి 30
- మెట్లు దిగడానికి, గదిలో వెతకడానికి: 50 నుంచి 150
- చీకటి దారిలో నడవడానికి: 150 నుంచి 300
- ఖాళీ స్థలంలో దూరంగా చూడ్డానికి: 500, ఆ పైన, అదీ కాసేపే

రోజూ పడే పనులన్నీ 300 లోపే ముగిసిపోయాయి చూడండి. కాబట్టి చిన్న టార్చ్‌ని అడగాల్సింది "నీ గరిష్ఠం ఎంత?" అని కాదు, "300 దాకా ఎంతసేపు నిలకడగా ఇస్తావు, మరీ తక్కువగా ఎంతకు దిగగలవు?" అని. ఈ రెండు ప్రశ్నలూ చివరిదాకా గుర్తుపెట్టుకోండి, మిగతా నిర్ణయాలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి.

## 2. జేబు తేల్చండి

ఏ జేబులో పెట్టుకుంటారో ఇప్పుడే నిర్ణయించుకోండి. ప్యాంటు జేబా, చొక్కా జేబా, తాళాల గుత్తికా, చేతి సంచిలోనా? చొక్కా జేబులో బరువైన టార్చ్ పెడితే వంగిన ప్రతిసారీ జారి పడుతుంది. ప్యాంటు జేబులో పొడవు 10 సెంటీమీటర్లు దాటితే కూర్చున్నప్పుడు తొడకు గుచ్చుకుంటుంది.

బరువులు ఎలా ఉంటాయంటే, తాళాల గుత్తికి తగిలించేవి 10 నుంచి 30 గ్రాములు, పెన్సిల్ సెల్లు సైజువి సెల్లుతో కలిపి 50, 60 గ్రాముల దగ్గర, 18650 సెల్లు వేసేవి వంద గ్రాముల పైచిలుకు, 21700వి 150 నుంచి 200 (ఈ సెల్లు పేర్ల సంగతి మూడో మెట్టులో చెప్తాను). వంద దాటిందంటే పల్చటి బట్టల్లో జేబు కిందికి లాగుతున్నట్టు తెలుస్తుంది.

కొనకముందే ఒక పని చేయండి. మీకు నచ్చిన టార్చ్ పొడవు, వ్యాసం వివరాల్లో ఉంటాయి కదా, అంతే సైజులో ఒక అట్టముక్కను గొట్టంలా చుట్టి, అంత బరువుకు సరిపడా నాణేలో మేకులో లోపల కూరి, టేపు వేసి, ఒక రోజంతా జేబులో పెట్టుకుని తిరగండి. కూర్చోండి, మెట్లెక్కండి, బండి నడపండి. సాయంత్రానికి అది జేబులో ఉన్న సంగతి మర్చిపోయారంటే సైజు కుదిరింది. పదే పదే చెయ్యి అటు పోతుంటే ఒక సైజు తగ్గండి.

క్లిప్పు గురించి కూడా ఇక్కడే చూసుకోవాలి:

- [ ] క్లిప్పు ఉందా, జేబు అంచున గట్టిగా పట్టుకుంటుందా
- [ ] రెండు వైపులకూ తిరిగే క్లిప్పేనా (అలాంటిదైతే టోపీ అంచుకు తగిలించి రెండు చేతులూ వాడుకోవచ్చు)
- [ ] టార్చ్ తల కిందికి వచ్చేలా పెట్టొచ్చా (తల పైకి ఉంటే అద్దం మీద దుమ్ము, నూలు పోగులు చేరతాయి)
- [ ] బల్ల మీద పెడితే దొర్లిపోకుండా క్లిప్పో, పలకలో అడ్డుపడతాయా
- [ ] తోక మీద నిలబడుతుందా (కప్పు వైపు వెలుగు కొట్టించి గదంతా వెలిగించుకోవచ్చు)

## 3. సెల్లు ఏ సైజుదో ఎంచుకోండి

లిథియం అయాన్ సెల్లు పేరులోనే కొలతలుంటాయి. మొదటి రెండు అంకెలు వ్యాసం, తర్వాతి రెండు పొడవు, మిల్లీమీటర్లలో. 18650 అంటే 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు.

14500: మామూలు పెన్సిల్ సెల్లు (ఏఏ) సైజు. 800 నుంచి 1000 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) దాకా పట్టిస్తారు. సన్నగా ఉంటుంది, జేబుకు హాయి. ఇందులో కొన్ని టార్చ్‌లు మామూలు ఏఏ సెల్లుతో కూడా వెలుగుతాయి, చార్జింగ్ దొరకని చోట అది పెద్ద ధైర్యం. కానీ దీనికి వ్యతిరేకమైన పని మాత్రం చేయకండి: ఏఏ సెల్లు కోసమే చేసిన వస్తువులో 14500 వేస్తే 1.5 వోల్టుల చోట 3.7 వోల్టులు పోయి కాలిపోవచ్చు.

16340, 18350: పొట్టిగా, లావుగా ఉంటాయి. టార్చ్ బొటనవేలంత అవుతుంది, కానీ సెల్లు త్వరగా అయిపోతుంది.

18650: 2500 నుంచి 3500 ఎంఏహెచ్. వెలుగుకూ, నిలకడకూ, దొరికే సౌలభ్యానికీ కలిపి చూస్తే అన్నిటికన్నా సమతూకం దీనిదే. జాకెట్టు జేబు, సంచి, వెడల్పాటి ప్యాంటు జేబు ఉన్నవాళ్లకు నా ఓటు దీనికే.

21700: 4000 నుంచి 5000, ఆపైన. రోజంతా జేబులో పెట్టుకోవడానికి బరువే. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకు, చాలాసేపు ఆరుబయట తిరిగేవాళ్లకు మాత్రం సరిపోతుంది.

18650 మీద "9900 ఎంఏహెచ్" అని రాసి ఉంటే ఆ సెల్లును ముట్టుకోకండి. ఆ సైజులో 3500 దాటడమే అరుదు. అంకె విషయంలో అంత అబద్ధమాడిన వాళ్లు లోపలి రక్షణ విషయంలో నిజం పాటించారని నమ్మడానికి కారణం లేదు.

సెల్లు విడిగా తీసి మార్చుకునేదా, లోపలే బిగించేసిందా అన్నది తర్వాతి సంగతి. తాళాల గుత్తి టార్చ్‌లకు లోపలి సెల్లు తప్పదు, అక్కడ దాన్ని ఒప్పుకోవచ్చు. అంతకన్నా పెద్ద టార్చ్‌కైతే మార్చుకోగలిగే సెల్లే తీసుకోండి. లిథియం సెల్లు కొన్ని వందల చార్జింగుల తర్వాత బలం తగ్గుతుంది, ఎల్ఈడీ మాత్రం ఇంకా నిక్షేపంలా ఉంటుంది. సెల్లు మార్చలేకపోతే మంచి టార్చ్‌ని పారేయాల్సి వస్తుంది.

ఇక్కడే ఇంకో మెలిక. సెల్లు తీయడానికి వస్తుంది కానీ అది ఆ కంపెనీ ప్రత్యేకంగా చేయించిన సెల్లు అయి ఉండొచ్చు, పాజిటివ్, నెగెటివ్ రెండూ ఒకే చివర ఉండేలాంటిది. అప్పుడు మామూలు సెల్లు పనిచేయదు. "బయట దొరికే మామూలు 18650 పడుతుందా? చదును తల సెల్లా, బొడిపె తల సెల్లా? రక్షణ సర్క్యూట్ ఉన్న పొడవాటి సెల్లు పడుతుందా?" ఈ మూడూ వివరాల్లో వెతికి రాసుకోండి.

## 4. ఇప్పుడు ల్యూమెన్ల లెక్క

డబ్బా మీద మెరిసే పెద్ద అంకె టర్బోది, అంటే కాసేపే వచ్చే గరిష్ఠ వెలుగుది. పక్కనే "రన్‌టైమ్ 2 గంటలు" అని ఉంటుంది. 1000 ల్యూమెన్లు రెండు గంటలు వస్తాయని చదువుకుంటాం. అలా రావు.

టార్చ్‌ల కొలతకు ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్ 1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెలుగును టార్చ్ వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలుస్తారు. రన్‌టైమ్‌ని మాత్రం వెలుగు మొదట్లో ఉన్నదానిలో 10 శాతానికి పడిపోయేదాకా లెక్కపెడతారు. అంటే ఒక టార్చ్ రెండు నిమిషాలు 1000 ఇచ్చి, 250కి దిగి, అక్కడే గంటా యాభై ఎనిమిది నిమిషాలు లాగినా "1000 ల్యూమెన్లు, 2 గంటలు" అని రాసుకోవచ్చు. ప్రమాణం ప్రకారం అది తప్పు కాదు, చదివేవాళ్లే రెండు అంకెల్నీ విడదీసి చూసుకోవాలి.

ఎందుకు దిగుతుందంటే వేడి వల్ల. 1000 ల్యూమెన్లకు దాదాపు 10 వాట్లు కావాలి, అందులో చాలా భాగం వేడిగానే మారుతుంది. వేలెడంత లోహపు గొట్టం అంత వేడిని గాల్లోకి వదల్లేదు. అందుకే లోపలి సర్క్యూట్ ఒకటి రెండు నిమిషాలకే వెలుగు తగ్గిస్తుంది. అలా తగ్గించకపోతే మీ చెయ్యి కాలుతుంది, సెల్లూ పాడవుతుంది. అల్యూమినియం బాడీ వేడిని బాగా పంచుతుంది. టైటానియం చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ వేడిని సరిగా లాగదు, అందులో వెలుగు ఇంకా త్వరగా దిగిపోతుంది.

కాబట్టి వెతకాల్సింది రన్‌టైమ్ గ్రాఫ్. అడ్డంగా సమయం, నిలువుగా వెలుగు. మొదట్లో ఒక శిఖరం, తర్వాత దిగుడు, ఆ తర్వాత చదునుగా సాగే గీత. ఆ చదును గీత ఎంత ఎత్తులో ఉందో అదే మీ టార్చ్ అసలు బలం. గీత చదునుగా కాకుండా మొదటినుంచీ జారుతూ పోతుంటే సెల్లు అరుగుతున్నకొద్దీ వెలుగూ తగ్గుతుందని అర్థం. ఇలాంటిది పనికిరాదని కాదు, కానీ అదే ధరలో చదును గీతది దొరికితే దాన్నే తీసుకోండి.

గ్రాఫ్ దొరక్కపోతే మీరే లెక్కేయండి:

1. ఎంఏహెచ్‌ని 1000తో భాగించి 3.6తో గుణించండి. అది సెల్లులో ఉన్న వాట్-అవర్లు.
2. ఒక వాట్‌కి సుమారు 100 ల్యూమెన్లు అనుకోండి. మంచి సర్క్యూట్‌కి ఇంకాస్త ఎక్కువ, రంగు బాగా చూపే ఎల్ఈడీకి ఇంకాస్త తక్కువ.
3. వాట్-అవర్లను 100తో గుణించి, మీకు కావలసిన ల్యూమెన్లతో భాగించండి. గంటలు వస్తాయి.

900 ఎంఏహెచ్ 14500లో 3.2 వాట్-అవర్లు ఉంటాయి. 100 ల్యూమెన్లకు మూడు గంటల చిల్లర. 300కి గంట పైన. 1000 ల్యూమెన్లకైతే వేడి సంగతి పక్కన పెట్టినా ఇరవై నిమిషాల లోపే ఖాళీ. 3000 ఎంఏహెచ్ 18650లో 10.8 వాట్-అవర్లు, అంటే 300 ల్యూమెన్లు మూడున్నర గంటలు. ఈ లెక్కకు ఆమడ దూరంలో ఉన్న మాటలేవైనా డబ్బా మీద కనిపిస్తే, అరచేతిలో పట్టే టార్చ్‌కి "లక్ష ల్యూమెన్లు" లాంటివి, పేజీ మూసేయండి.

ఇంకోటి. మన కంటికి వెలుగు రెట్టింపు అయినట్టు అనిపించాలంటే ల్యూమెన్లు దాదాపు నాలుగు రెట్లు కావాలి. 1000కీ 1200కీ తేడా కంటికి ఆనదు. ఆ రెండొందల కోసం ఎక్కువ ఖర్చు పెట్టకండి.

## 5. వెలుగు ఏ ఆకారంలో పడాలి

అన్నే ల్యూమెన్లను సన్నగా కూడగట్టి దూరానికి పంపొచ్చు, లేదా వెడల్పుగా దగ్గర్లో పరచొచ్చు. దూరాన్ని చెప్పే కొలత క్యాండెలా. క్యాండెలా అంకెకు వర్గమూలం తీసి రెండుతో గుణిస్తే మీటర్లలో బీమ్ దూరం వస్తుంది, 10,000 క్యాండెలాకి 200 మీటర్లు. కానీ ఆ చివర పడేది పావు లక్స్, అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది, అదేంటో తెలియదు. స్పష్టంగా చూడాలంటే రాసిన దూరంలో సగమే లెక్కపెట్టుకోండి.

జేబు టార్చ్‌కి వెడల్పు బీమే మేలు. చేతి దూరంలో సన్నటి బీమ్ వేస్తే మధ్యలో కళ్లు చెదిరే చుక్క, చుట్టూ చీకటి, మిరుమిట్లకు చూసేదే సరిగా కనబడదు. మధ్య భాగం కాస్త చిక్కగా ఉండి, అంచులకు మెల్లగా పల్చబడేది చూడండి. ప్లాస్టిక్ లెన్స్ ఉన్నవి, లోపలి అద్దం నారింజ తొక్కలా గరుకుగా ఉన్నవి ఇలాంటి మెత్తటి బీమ్ ఇస్తాయి.

తల ముందుకు వెనక్కు లాగే జూమ్ టార్చ్‌లు జేబుకు వద్దు. జారే భాగం సందులోంచి నీళ్లు, దుమ్ము పోతాయి, సన్నగా చేసినప్పుడు వెలుగులో చాలా భాగం లోపలే వృథా అవుతుంది.

## 6. వెలుగు రంగు

ఈ ఒక్క విషయంలో రాజీ పడకండని గట్టిగా చెప్తాను. ఎందుకంటే దీని తేడా ఒకసారి కంటితో చూశాక వెనక్కి పోబుద్ధి కాదు.

రెండు అంకెలు చూడాలి. మొదటిది కెల్విన్: 3000 దగ్గర పసుపు, 4000 నుంచి 5000 సహజమైన తెలుపు, 6500 నీలిఛాయ తెలుపు. రోజువారీ వాడకానికి 4000, 5000 మధ్య తీసుకోండి. రెండోది సీఆర్ఐ, అంటే రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయన్నది. మామూలు టార్చ్‌లు 70 దగ్గర ఉంటాయి. 90 పైన ఉన్నది తీసుకుంటే ఎరుపు వైరును గోధుమరంగు వైరు అనుకోరు, చర్మం మీద దద్దురు ఎంత ఎర్రగా ఉందో తెలుస్తుంది, తడి మట్టికీ నూనె మరకకూ తేడా కనిపిస్తుంది. నిచియా 519ఏ లాంటి ఎల్ఈడీ పేరు వివరాల్లో కనిపిస్తే రంగుల విషయంలో ధీమాగా ఉండొచ్చు.

దీనికి బదులుగా వదులుకునేది గరిష్ఠ వెలుగులో కొంత భాగం. కంటికి అది తెలియదని పైనే చూశాం కాబట్టి ఈ బేరం మనకు లాభమే.

## 7. బటన్, మోడ్‌లు

వేరే విషయాలన్నీ సరిపోయి బటన్ దగ్గర చెడే టార్చ్‌లు ఎన్నో. పడుకున్న గదిలో ఒక్కసారి నొక్కితే 800 ల్యూమెన్లు కొట్టి ఇంటిల్లిపాదినీ లేపే టార్చ్ ఎంత మంచిదైనా చేతిలో నిలవదు.

నాకు నచ్చే పద్ధతి చెప్తాను. ఆఫ్‌లో ఉండగా నొక్కి పట్టుకుంటే అతి తక్కువ వెలుగు. ఒకసారి నొక్కితే క్రితంసారి వాడిన వెలుగు. రెండుసార్లు టకటకా నొక్కితే టర్బో. మిణుకు మిణుకులాడే స్ట్రోబ్ ఎక్కడో లోపల, పొరపాటున తగలని చోట. ఈ నాలుగూ ఉంటే బుక్‌లెట్ అవసరం మళ్లీ రాదు.

బటన్ ఎక్కడుండాలి? పక్కన ఉంటే వేళ్లతో పట్టుకుని బొటనవేలితో నొక్కడం తేలిక, చీకట్లో దాన్ని తడిమి కనుక్కునేలా చుట్టూ గాడి గానీ గుంత గానీ ఉండాలి. తోకలో ఉంటే జేబులోంచి తీస్తూనే వేయొచ్చు, కానీ బటన్ పొడుచుకుని వస్తే తోక మీద నిలబడదు.

- [ ] 1 ల్యూమెన్ లోపు మోడ్ ఉందా, ఆఫ్ నుంచి నేరుగా అందులోకి వెళ్లొచ్చా
- [ ] 100, 300 దగ్గర మోడ్‌లున్నాయా, లేక 30 నుంచి నేరుగా 500కి దూకుతుందా
- [ ] స్ట్రోబ్ మామూలు వరసలో అడ్డు రావట్లేదు కదా
- [ ] లాకౌట్ (పొరపాటున నొక్కుకున్నా వెలగకుండా బటన్‌కు వేసే తాళం) ఉందా
- [ ] సెల్లు ఎంత మిగిలిందో చెప్పే చిన్న లైటుందా
- [ ] చేతి తొడుగు వేసుకున్నా నొక్కొచ్చా

## 8. చార్జింగ్

యూఎస్‌బీ-సీ ఉన్నదే తీసుకోండి. ఫోన్ కేబుల్‌తో పని జరిగిపోతుంది. కానీ రంధ్రం సీ ఆకారంలో ఉన్నంత మాత్రాన రెండు వైపులా సీ ఉండే కేబుల్‌తో చార్జ్ అవుతుందని కాదు. ఆ చార్జర్‌ను కరెంటు ఇమ్మని అడగడానికి టార్చ్ లోపల 5.1 కిలో ఓముల చిన్న రెసిస్టర్లు ఉండాలి, కొంతమంది తయారీదారులు వాటిని వదిలేస్తారు. అలాంటి టార్చ్ పాత యూఎస్‌బీ-ఏ చార్జర్‌తో మాత్రమే చార్జ్ అవుతుంది. కొన్నది చార్జ్ కాకపోతే పాడైందని కంగారు పడేముందు కేబుల్ మార్చి చూడండి.

అయస్కాంతంతో అతుక్కునే చార్జింగ్ చేతికి సుఖమే, నీటికీ మంచిదే. చిక్కేంటంటే ఆ కేబుల్ పోతే టార్చ్ మూలన పడుతుంది, పైగా జేబులో చిన్న చిన్న ఇనుప ముక్కలు ఆ బిళ్లకు అంటుకుంటాయి. అదే ఎంచుకుంటే రెండో కేబుల్ కూడా అప్పుడే కొనుక్కోండి. తోకలో బలమైన అయస్కాంతం ఉన్నదాన్ని పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఛాతీ జేబులో పెట్టుకోకూడదు, అయస్కాంతపు పట్టీ ఉన్న కార్డులకూ దూరంగా ఉంచాలి.

## 9. నీళ్లు, దెబ్బలు

ఐపీఎక్స్4 అంటే చిందే నీళ్లకు ఆగుతుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో అరగంట. ఐపీఎక్స్8 అంతకన్నా ఎక్కువ. చార్జింగ్ రంధ్రానికి రబ్బరు మూత ఉంటే ఈ మాటలన్నీ ఆ మూత సరిగ్గా మూసినప్పుడే నిజం. ఐపీఎక్స్7, మీటరు ఎత్తు నుంచి పడినా తట్టుకునే బాడీ, గట్టి అనోడైజింగ్ (అల్యూమినియం మీద వేసే రక్షణ పొర) ఉంటే రోజువారీకి చాలు.

## 10. చేతికి వచ్చిన రోజే చేయాల్సిన పరీక్షలు

వాపసు గడువు ముగియక ముందే, ఈ వరసలోనే చేయండి.

1. వెనక మూత విప్పి చూడండి. సెల్లుకూ మూతకూ మధ్య పల్చటి ప్లాస్టిక్ బిళ్ల ఉంటే తీసేయండి. చాలా టార్చ్‌లు "వెలగట్లేదు" అనిపించుకునేది దీనివల్లే.
2. పూర్తిగా చార్జ్ చేయండి, మీరు దగ్గరే ఉండగా, మంటంటుకోని చోట. గోరువెచ్చగా అవ్వడం మామూలే, పట్టుకోలేనంత కాలితే ఆపేసి వాపసు చేయండి. మల్టీమీటర్ ఉంటే సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఆగిందో లేదో చూడండి.
3. గదిలో లైట్లార్పి, తెల్లగోడకు మీటరు దూరంలో నిలబడి, తక్కువ వెలుగు నుంచి ఒక్కో మోడ్ పెంచండి. మధ్యలో నల్లమచ్చ, అంచుల్లో వలయాలు, పచ్చగా కొట్టే ఛాయ ఉన్నాయేమో చూడండి. పచ్చఛాయ తక్కువ మోడ్‌లలోనే ఎక్కువగా బయటపడుతుంది.
4. అదే వెలుగులో మీ అరచేయి చూసుకోండి. చర్మం కింద గులాబిరంగు తెలుస్తుంటే మంచిది, బూడిదగా పాలిపోయినట్టుంటే సీఆర్ఐ తక్కువ. పక్కన ఎర్రబట్ట ముక్క పెట్టి కూడా చూడండి.
5. ఫోన్ కెమెరా తెరిచి వెలుగు పడ్డ గోడను చూడండి. కదిలే నల్లటి చారలు దట్టంగా కనిపిస్తే వెలుగు మినుకుతోందన్నమాట. వేళ్లు ఆ వెలుగులో గబగబా ఊపండి, ముక్కలు ముక్కలుగా కనిపిస్తే చాలాసేపు వాడితే తలనొప్పి రావచ్చు.
6. టర్బో వేసి చేత్తో పట్టుకోండి. ఎన్ని నిమిషాలకు దిగిందో రాసుకోండి. చెయ్యి కాలేంత వేడెక్కినా దిగట్లేదంటే ఆపేసి వాపసు చేయండి.
7. మీరు ఎక్కువగా వాడబోయే మోడ్‌లో, టర్బో కాకుండా, కళ్లెదుటే పెట్టుకుని చివరిదాకా వెలగనివ్వండి. అరగంటకోసారి చూడండి. నాలుగో మెట్టులో వేసిన లెక్కతో పోల్చండి, సగానికి సగం తక్కువొస్తే సెల్లులోనో అంకెలోనో మోసం ఉంది.
8. వెనక మూతను పావు చుట్టు వదులు చేయండి. వెలుగు ఆగిపోవాలి. మరల మీద అనోడైజింగ్ ఉన్న టార్చ్‌లలో ఇది అన్నిటికన్నా నమ్మకమైన తాళం.
9. మూతలన్నీ బిగించి కుళాయి కింద ఒక నిమిషం తిప్పండి. పైన బాగా తుడిచి, విప్పి, లోపల టిష్యూ కాగితంతో తడి ఉందేమో చూడండి.

## 11. తరచూ వచ్చే చిక్కులు, సరిచేసే దారి

జేబులో దానంతటదే వెలుగుతోంది. ఇది చిన్న విషయం కాదు. టర్బోలో వెలిగితే బట్ట కాలుతుంది, తొడ కూడా. బటన్ లాకౌట్ మీద పూర్తిగా ఆధారపడకుండా మూతను పావు చుట్టు వదులు చేసి పెట్టుకోండి.

వాడకపోయినా వారాల్లో సెల్లు ఖాళీ అవుతోంది. ఎలక్ట్రానిక్ బటన్ ఉన్నవి ఆఫ్‌లో ఉన్నా కాస్త కరెంటు తాగుతూనే ఉంటాయి. దీనికీ మందు పావు చుట్టే.

వెలుగు మినుకుతోంది, కొడితే సరవుతోంది. మరల్లో మురికి చేరింది. పొడిబట్టతో తుడిచి, సెల్లు తగిలే చోట్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో రుద్దండి. అప్పటికీ తగ్గకపోతే వెనక మూత లోపలి రింగు వదులై ఉంటుంది, పట్టకారు మొనలను దాని రెండు చిల్లుల్లో పెట్టి బిగించండి.

కొత్త సెల్లు వేశాక వెలగట్లేదు. ప్లస్ వైపు ఎటుందో చూడండి. సరిగానే ఉంటే చదును తల సెల్లు లోపల తగలట్లేదేమో చూడండి. రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లు ఒక్కోసారి కట్ అయిపోతుంది, చార్జర్‌లో కాసేపు పెడితే తేరుకుంటుంది.

టర్బో రావట్లేదు, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. సెల్లులో చార్జ్ తగ్గింది, లేదా ఆ సెల్లు అంత కరెంటు ఇవ్వలేదు. చార్జ్ చేసి చూడండి, అప్పటికీ రాకపోతే ఎక్కువ ఆంపియర్లు ఇచ్చే సెల్లు వేయండి.

మూత తిప్పుతుంటే కిర్రుమంటోంది. రబ్బరు రింగు ఎండింది. కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం జెల్లీ వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

## 12. సెల్లు జాగ్రత్తలు

విడి సెల్లును తాళాలతో, నాణేలతో ఒకే జేబులో వేయడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. రెండు చివరలూ లోహంతో కలిస్తే క్షణాల్లో కాలుతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి.

పైతొడుగు చిరిగిన సెల్లు, ఉబ్బిన సెల్లు, సొట్టపడ్డ సెల్లు వాడకండి, చార్జ్ అసలే చేయకండి. చివరలకు టేపు వేసి బ్యాటరీలు సేకరించే చోట ఇచ్చేయండి, చెత్తబుట్టలో వేయొద్దు.

ఎండలో నిలిపిన కారులో టార్చ్ వదిలేయకండి. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో చార్జ్ చేయకండి. విమానంలో విడి లిథియం సెల్లులు చేతి సామానులోనే ఉండాలి, లగేజీలో వేసేయకూడదు. టార్చ్‌ని కూడా మూత వదులు చేసి చేతి సంచిలోనే పెట్టుకోండి.

చిన్నపిల్లల చేతికి టర్బో ఉన్న టార్చ్ ఇవ్వకండి, తెలియక కళ్లలోకి కొట్టుకుంటారు. ఇవ్వాల్సి వస్తే 30 ల్యూమెన్ల మోడ్‌లో పెట్టి, పక్కనుండండి.

రోజూ వాడేవాళ్లు వారానికోసారి ఒక రోజు అనుకుని చార్జ్ పెట్టేస్తే "అయిపోయిందేమో" అన్న టెన్షన్ ఉండదు. నెలల తరబడి పక్కన పెట్టాల్సి వస్తే నిండుగా కాకుండా, ఖాళీగానూ కాకుండా సగం చార్జ్‌తో, మూత వదులు చేసి, చల్లటి పొడి చోట ఉంచండి. మూడు నాలుగు నెలలకోసారి తీసి వెలిగించి చూసి, తగ్గి ఉంటే మళ్లీ సగానికి నింపి పెట్టండి.